మార్చి ఆరున వినిపించిన మగ్గం

సుభాషిణి వరంగల్ సుబేదారిలోని ఒక చిన్న ఎఫ్‌ఎం స్టేషన్లో పన్నెండేళ్లుగా ఒకే కార్యక్రమం చేస్తోంది. ఆ తారీఖున, ఏ సంవత్సరంలోనైనా సరే, పాటల లోకంలో ఏం జరిగిందో రోజూ పొద్దున పది గంటలకు చెబుతుంది. పాత పత్రికలు, రికార్డుల అట్టలు, క్యాసెట్ల మీది రాతలు వెతికి, ఏడాదిలో ప్రతి రోజుకూ ఒక కాగితం రాసిపెట్టుకుంది.

మార్చి ఆరు కాగితం మీద మూడు సంగతులున్నాయి. జలుబుతో గొంతు బొంగురుపోయినా తప్పక పాడిన ఒక గాయని, ఆ బొంగురు గొంతుతోనే ఇంటింటికీ తెలిసిపోయిన రోజు అది. మైదానంలో కరెంటు పోయి మైకులు ఆగిపోతే, కచేరీకి వచ్చిన వేలమంది తామే గొంతు కలిపి పాటను చివరిదాకా పాడిన సాయంత్రమూ అదే. మూడోది వరంగల్‌ది. 1991లో స్టేషన్ రోడ్డులో క్యాసెట్ల దుకాణం నడిపిన లక్ష్మీనర్సయ్య సొంతంగా రికార్డు చేసిన పాట. అట్ట మీద తారీఖు ఉంది గాని పాడినవాళ్ల పేరు లేదు. లక్ష్మీనర్సయ్య చనిపోయి పదేళ్లు దాటింది.

"దారమా దారమా ఏ ఊరికి పోతవే, ఎవరింట పరుచుకోని ఎవరి కతలు వింటవే" అనే ఆ పాట ఒకప్పుడు ఆటోల్లో, హోటళ్లలో, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దించే చోట మోగుతూనే ఉండేది. అమ్మాయి గొంతు సన్నగా, వణుకు లేకుండా, తిన్నగా వచ్చి తగులుతుంది.

ఈ ఏడు మార్చి ఆరున కూడా పాట వినిపించి, "ఈ గాయని ఎవరో మనకు తెలియదు. వెనక డోలు వాయించినాయన ఎవరో కూడా తెలియదు. అలాంటి తాళం నేను మళ్లీ ఎక్కడా వినలేదు" అంది సుభాషిణి.

కార్యక్రమం ముగిసిన ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది.

"నమస్తే మేడమ్. డోర్నకల్ నుంచి మాట్లాడుతాన. నా పేరు భాగ్యమ్మ. మా కోడలు ఫోన్ల పెడ్తే ఇన్న. ఒక్క ముచ్చట చెప్పాలె. గది డోలు కాదు."

"మరేంటమ్మా?"

"మగ్గం. మా నాయన నేత్తాండు."

సుభాషిణి పాట మళ్లీ పెట్టమని అద్దం వైపు సైగ చేసింది. ఆ పాటను ఆమె కొన్ని వందలసార్లు వినుంటుంది. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు భరత్ పాటను మళ్లీ మొదటినుంచి పెట్టాడు. దారం మోసుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగెత్తే నాడె చప్పుడు, ఆ వెంటనే పోగును దగ్గరికి కొట్టే బరువైన దెబ్బ. ఇప్పుడు అది మగ్గం తప్ప ఇంకేదిగానూ వినిపించడం లేదు.

"మీరెక్కడున్నారమ్మా అప్పుడు?" అని మెల్లగా అడిగింది.

"పక్కన్నే. నాడెలకు దారం కండెలు చుట్టుకుంట పాడిన."

సుభాషిణి రమ్మనడంతో మధ్యాహ్నం రెండింటికల్లా భాగ్యమ్మ కోడలు నవతను వెంటబెట్టుకుని రైల్లో వచ్చేసింది. యాభై రెండేళ్ల మనిషి. కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అడిగినదానికల్లా నెమ్మదిగా జవాబు చెప్పింది.

వాళ్లది వరంగల్ కొత్తవాడ. తండ్రి వెంకట్రాజం పెళ్లిళ్లలో పరిచే జంపఖానాలు నేసేవాడు. పని చేసుకుంటూ ఆమె పాడుకునే పాట ఒకరోజు జంపఖానా కొనడానికి వచ్చిన లక్ష్మీనర్సయ్య చెవిన పడింది. దుకాణానికి వచ్చి పాడమన్నాడు. పెళ్లి కావలసిన పిల్లను బజారుకు పంపనన్నాడు తండ్రి. అయితే రికార్డు చేసే మిషన్ నేనే తెస్తానని లక్ష్మీనర్సయ్య ఇంటికే తెచ్చాడు.

"మగ్గం ఆపుమన్నడు. పెండ్లోళ్లకు తెల్లారేసరికి ఇయ్యాలె, ఆపనన్నడు మా నాయన. ఇగ గట్లనే పాడిన. పేరు మాత్రం ఎయ్యొద్దని మా నాయన ఆయన చెయ్యి పట్టుకోని చెప్పిండు."

ఆ ఎండాకాలమే పెళ్లయి డోర్నకల్ వెళ్లింది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. మరుసటి ఏడు తండ్రి జ్వరంతో పోయాడు. ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. బస్సుల్లో, పెళ్లిళ్లలో ఆ పాట వినబడితే తల వంచుకుని కూర్చునేదట.

నవత అత్త ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. "ఏడేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉంటానం అత్తమ్మా. నాకన్న చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె బిడ్డా? ఎవరు నమ్ముతరు?"

స్టేషన్లో ఎప్పుడూ వేసేది బజార్లో అమ్మిన క్యాసెట్ నుంచి కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీ. భరత్ లోపలికి వెళ్లి లక్ష్మీనర్సయ్య పోయాక ఆయన దుకాణం నుంచి వచ్చిన, మొదట రికార్డు చేసిన అసలు క్యాసెట్‌ను బీరువాలోంచి వెతికి తెచ్చాడు. టేపు తెగుతుందేమోనని మెల్లగా ప్లేయర్లో పెట్టాడు. భాగ్యమ్మ హెడ్‌ఫోన్ వద్దంది. "అందరం ఇందాం" అంది.

పాట మొదలైంది. పదిహేడేళ్ల గొంతు గదంతా నిండింది. తనదే అయిన ఆ గొంతును ఆమె ఎవరో పరాయి పిల్ల పాడుతున్నట్టు విన్నది. మగ్గం చప్పుడు వచ్చినప్పుడల్లా మాత్రం ఆమె కుడికాలు నేల మీద చిన్నగా కదిలింది.

కాపీలో పాట ఆగే చోటు వచ్చింది. టేపు ఆగలేదు. మగ్గం ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి నిలిచిపోయింది. ఒక మగమనిషి గొంతు, కాస్త అలిసిపోయి, చాలా దగ్గరగా వినిపించింది.

"అయిపోయిందా భాగ్యా? జర నీళ్లు తాగు బిడ్డా."

తరువాత టిక్కుమని మీట నొక్కిన చప్పుడు.

 భరత్ ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక టేపు కొసన, ఎవరూ వినకుండా, ఒక తండ్రి మాట అట్లాగే ఉండిపోయింది. 

భాగ్యమ్మ స్పీకరు దగ్గరికి వెళ్లి దానిమీద అరచెయ్యి ఆనించింది. "నాయన ఫోటో ఒక్కటి గూడ లేదు మేడమ్. మొఖం యాదికుంది గని గొంతు మర్సిపోయిన. ఇంత మెత్తగ మాట్లాడుతుండెనా!" అంది. ఆమె ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసి చూస్తూ, "ఇంకోసారి పెట్టు బిడ్డా" అని భరత్‌ను అడిగింది. అతను నాలుగుసార్లు పెట్టాడు.

"దీన్ని అందరికీ వినిపించమంటారా? మీ పేరు చెప్పమంటారా?" అని అడిగింది సుభాషిణి.

భాగ్యమ్మ స్పీకరు మీంచి చెయ్యి తీసింది. "నాయన వద్దన్నది నా పెండ్లి కోసం. పెండ్లయింది, మనుమరాలు గూడ పుట్టింది. చెప్పుండ్రి. నాయన పేరు గూడ చెప్పుండ్రి."

సాయంత్రం ఐదింటికి పాటను చివరిదాకా, నీళ్లు తాగమన్న మాటతో సహా వేశారు. భాగ్యమ్మ, నవత స్టూడియోలోనే కూర్చున్నారు. ఫోన్లు వరుసగా వచ్చాయి. వాటిలో ఒకటి కొత్తవాడ నుంచి. ఎనభై దాటిన కుమారస్వామి అనే నేతగాడు మాట్లాడాడు.

"నేను రేడియో సగంల పెట్టిన, పేర్లు ఇనలే. అది మా వెంకట్రాజం మగ్గమేనా?"

"అవునండీ. మీకెట్ల తెలిసింది?"

"ఇన్నేండ్లు పాటల కలిసి డోలనుకున్న, ఆఖర్ల ఒక్కటే మోగితె ఎరుకైంది. ఆయన కుడి చెయ్యి ఇరిగి అతుక్కున్నది. కుడిదిక్కు నుంచి నాడె జర ఆలస్యంగ వస్తది. మా గల్లీల ఎవరి మగ్గం ఎవరిదో కండ్లు మూసుకోని చెప్తుంటిమి." ముసలాయన వెంటనే అడిగాడు. "బిడ్డ ఉన్నదా ఆడ?"

సుభాషిణి ఫోన్ భాగ్యమ్మకు ఇచ్చింది.

"బాబాయ్, నేను భాగ్యను" అందామె.