కిందాయన

పాదిరిగారి వంటగది కింద బోర్లా పడుకుని, క్లారీ ట్రెలోర్ కుళ్ళిన మొద్దు చుట్టూ మన్ను తవ్వుతున్నాడు. నేలకీ, పైనున్న దూలానికీ మధ్య మూరెడు జాగా. తల ఎత్తితే నెత్తికి దెబ్బ, దించితే నోట్లో దుమ్ము. ఈ రెంటికీ మధ్య తలని ఎలా నిలుపుకోవాలో అతనికి పెళ్ళి కాకముందే అలవాటైపోయింది. మోచేతులకి తోలు ముక్కలు కట్టుకుంటాడు. కనుబొమల్లో మట్టి ఎంత కడిగినా పోదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు కానీ నడుస్తున్నప్పుడు కూడా ఏదో దూలం తగులుతుందన్నట్టు కాస్త వంగే ఉంటాడు.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ చెక్క ఇళ్ళు, ఎర్రగమ్ అనే నీలగిరి జాతి చెట్టు మొద్దుల మీద నిలబెట్టినవి. మొద్దుల్ని స్టంపులంటారు. స్టంపు కుళ్ళితే ఇల్లు ఆ మూలకి కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి, తలుపులు బిగుసుకుంటాయి. అప్పుడు క్లారీకి కబురొస్తుంది. అతను జాకీతో ఇంటిని వేలెడు పైకి లేపి, కుళ్ళినది లాగేసి సిమెంటుది పెడతాడు. స్టంపులు పీకేవాడు కాబట్టి పబ్బులో అతన్ని ఫాస్ట్ బౌలరనే పిలుస్తారు. పాపం, అతను బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. ఊళ్ళో చాలామందికి అతని ముఖం కంటే ఇంటి కిందనుంచి బయటికి పొడుచుకొచ్చిన అతని బూట్లే ఎక్కువ తెలుసు.

మట్టిలో పారకి ఏదో గీసుకుంది. క్లారీ పార పక్కన పెట్టి రెండు వేళ్ళతో మన్ను జరిపాడు. పాత నాణెం, పెన్నీ. బొమ్మని ముట్టుకోకుండా అంచులు పట్టుకుని తీసి, చొక్కా జేబులోని దూదిలో పెట్టుకున్నాడు. మామూలు రోజైతే వెంటనే టార్చి వేసి సంవత్సరం చూసేవాడే. ఇవాళ అతనికి ఆ ధ్యాస లేదు.

నేల చెక్కల సందుల్లోంచి నాణేలు జారిపడతాయి. అవి పడిన చోటుని బట్టి పైనేం గది ఉందో అతను చెప్పగలడు. మంచం పక్కన మగవాళ్ళ ప్యాంటు జేబుల్లోంచి రాలిన పెన్నీలుంటాయి. పిల్లల పన్ను ఊడితే దానికి బదులుగా పెద్దవాళ్ళు తలగడ కింద పెట్టే ఆరు పెన్సుల బిళ్ళ ఎక్కడైనా దొరికిందంటే అక్కడ చిన్నపిల్లలు పడుకునేవారన్నమాట. డాలర్లూ సెంట్లూ వచ్చాక పాత డబ్బుకి దుకాణాల్లో విలువ పోయింది. కింద మాత్రం రాజులూ రాణులూ చీకట్లో ఇంకా అలాగే పడున్నారు.

మొదట్లో అతనికి వీటి గురించి ఓనమాలు కూడా తెలియవు. దొరికినవాటిని ఇత్తడి పాలిష్‌తో తళతళలాడేలా తోమేవాడు. అలా తోమిన ఒక పెన్నీని కూరగాయల కొట్టు నడిపే ఎల్సీ ఆ-చౌ అనే ఆవిడకి చూపించాడు. ఎల్సీ ముత్తాత బంగారం తవ్వుకోవడానికి సముద్రం దాటి కాంటన్ నుంచి వచ్చినవాడు. ఆమె మటుకు ఊరు దాటి ఎరగదు, కానీ నాణేల దగ్గర ఆమె మాటకి తిరుగులేదు. పెన్నీని భూతద్దం కింద పెట్టి చూసి, బంగాళాదుంపల బుట్ట మీద పడేసింది.

"తోలు ఒలిచి తెచ్చావు కదయ్యా. ఇప్పుడిది ఏ రాజో వాళ్ళమ్మ కూడా గుర్తుపట్టదు" అంది.

నాణెం మీద ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ గోధుమ వన్నే దాని చర్మమని, అది పోతే సగం ప్రాణం పోయినట్టేనని ఆమే నేర్పింది. రుద్దకూడదు, గీకకూడదు. చిలుము మరీ గట్టిగా పడితే మందుల షాపులో చెవిపోటుకి అమ్మే ఆలివ్ నూనె కొనుక్కొచ్చి, అందులో నెలల తరబడి నాననివ్వాలి. రాజు కిరీటం కింది పట్టీలో ఎన్ని ముత్యాలు కనబడుతున్నాయో, మధ్యలో వజ్రం అరగకుండా నిలిచిందో లేదో చూసి విలువ కట్టాలి. క్లారీ ఇవన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. కానీ అప్పటికే అతని కూతురు నోలా పోయి రెండేళ్ళయింది. తళతళలాడేవన్నీ ఆ పిల్లకోసం తోమినవే.

పైన పాదిరిగారి భార్య కెటిల్ పొయ్యి మీద పెట్టింది. ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తుందావిడ. కింద పడుకున్నవాడికి పైనున్నవాళ్ళ అడుగులన్నీ తెలుస్తాయి, ఎవరు కోపంగా ఉన్నారో, ఎవరు ఏడ్చి లేచారో కూడా. అందుకే క్లారీ ఊళ్ళో అందరి ఇళ్ళ కిందా దూరాడు గానీ తన ఇంటి కింద ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దూరలేదు. నోలా గది మూల కుంగి, తలుపు బిగుసుకుపోయి చాలా కాలమైంది. ఊరందరి ఇళ్ళూ నిలబెట్టేవాడి ఇల్లే కుంగిందని జనం నవ్వారు కూడా. ఆ గది కింద పడుకుంటే ఎక్కడ చిన్న అడుగులు వినబడతాయోనని అతని భయం. వినబడకపోతే అంతకన్నా భయం. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. భార్య థెల్మా కూడా ఆ మూల సంగతి ఎన్నడూ ఎత్తలేదు, తన కారణం తనకుంది.

ఆ కారణం ఇవాళ పొద్దున్నే చెప్పింది. ఓట్సు జావ అతని ముందు పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది. సోమవారం ఆమెకి బెండిగో పెద్దాసుపత్రిలో ఆపరేషను. ఈ ఆర్నెల్లలో ఆమె ఎంత చిక్కిపోయిందంటే, పెళ్ళినాటి ఉంగరం వేలికి నిలవక దానికి దారం చుట్టుకుంది. వెళ్ళేలోపు నోలా గది తలుపు తెరవమంది. ఆ గది కింద ఏముందో చూసి రమ్మంది.

"ఏముంటుంది, సాలెపురుగులు తప్ప" అన్నాడు క్లారీ.

థెల్మా టేబుల్ మీద గుడ్డని సవరించింది. "ఆ ఏడాది చాపెల్ కానుక పళ్ళెంలో వెయ్యమని ఇచ్చిన పెన్నీలు నోలా వెయ్యట్లేదని తెలిసింది. ఏం చేశావే అని అడిగా. కిందాయనకిచ్చా అంది. నవ్వుతూ అంది, క్లారీ."

క్లారీ చెంచా కింద పెట్టాడు. వాళ్ళది కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్ళ కుటుంబం, మూడు తరాలుగా చాపెల్ అనే ఆ చిన్న చర్చినే నమ్ముకున్న మనుషులు. సైతాను పేరు ఇంట్లో ఎత్తరు, ఎత్తితే వింటాడని. పైన ఉన్నవాడు పైవాడు, కింద ఉన్నవాడు కిందాయన. ఆ మాటకి ఆ ఇంట్లో మరో అర్థం లేదు.

"సబ్బు పెట్టి నోరు కడిగా. అయినా అదే మాట. ఆ చలికాలమే పోయింది." దారం చుట్టిన ఉంగరం తిప్పుకుంటూ అంది, "నేను పోతే పోతా, దానికేం లేదు. నేను వెళ్ళే చోట అది లేకపోతే?"

చిన్నపిల్ల మాటలే థెల్, అన్నాడు క్లారీ. ఇన్నేళ్ళూ అలాగే అనుకోవాలని చూశానంది. అతను టోపీ పెట్టుకుని పనికి వచ్చేశాడు. ఇదంతా ఒక్కతే మోసిందనుకుంటే పొద్దుటినుంచీ అతని గుండెలో బరువుగా ఉంది. ఆ బరువు ఎడమ భుజం దాకా పాకింది కూడా. పడుకున్న తీరు బాగోలేదనుకుని పక్కకి తిరిగాడు.

మధ్యాహ్నానికి పాదిరిగారి వంటగది సరిచేసి, జాకీని ట్రక్కులో వేసుకుని ఇంటికొచ్చాడు. థెల్మా వసారాలో నిలబడి ఉంది. చాపెల్‌కి వెళ్ళేటప్పుడు వేసుకునే నీలం గౌను వేసుకుంది. తలుపు దగ్గరే ఉండు, వదులవగానే చెప్పు, అన్నాడు క్లారీ. జాగ్రత్త ముసలోడా, అందామె. అతను ఇంటి పక్కగోడ అడుగున, కిందికి దూరే దారికి అడ్డంగా ఉన్న చిన్న చెక్క తీసి, జాకీని ముందుకు తోసుకుంటూ కిందికి పాకాడు.

తన ఇల్లే అయినా కింద ఏమీ తెలియలేదు. ఊరందరి దూలాలూ అతనికి గుర్తే, తనవి మాత్రం కొత్త. బరువైన చీకటి, పాత బూడిద వాసన. మూల స్టంపు ముట్టుకుంటే పిండిలా రాలింది. పక్కన పలక వేసి దూలం కింద జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. తొందరపడితే చెక్కలు విరుగుతాయి. కొంచెం తిప్పి ఆగాలి, ఇంటికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి, మళ్ళీ తిప్పాలి. ఇల్లు మూలిగింది. ఎక్కడో మేకు ఒకటి టంగుమంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే కుడిచేత్తో తిప్పాడు.

పైన తలుపు తనంతట తనే కిర్రుమని తెరుచుకుంది.

తరవాత అడుగులు వినిపించాయి. చిన్నవి, తేలికైనవి, నెత్తిమీదనుంచి కిటికీ వైపు వెళుతున్నాయి. క్లారీ జాకీ తిప్పడం ఆపాడు. ఏడేళ్ళ పిల్ల అడుగులు అవి, అతనికి అనుమానం లేదు. నోలా, అని పిలవబోయాడు. ఇంతలో దగ్గు వినిపించింది, థెల్మా దగ్గు. థెల్మా అంత తేలికైపోయిందని అతనికి అప్పుడు తెలిసింది. మట్టిలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

ఆమె కర్టెన్ లాగినట్టుంది. నేల చెక్కలో కణుపు ఊడిపోయిన రంధ్రం ఒకటుంది, పెన్నీ పట్టేంత. దానిలోంచి వెలుగు దారంలా దిగి అతని పక్కన నేల మీద పడింది. పడిన చోట ఒక కుప్ప ఉంది.

పెన్నీలూ, అరపెన్నీలూ, నల్లబడిన మూడు పెన్సుల బిళ్ళలూ. చిలుము పట్టి ఒకదానికొకటి అతుక్కుని, చీమల పుట్టలా పైకి లేచి ఉన్నాయి. ఒక్కోటీ రంధ్రంలోంచి సరిగ్గా జారవిడిస్తే తప్ప అలా ఒకేచోట కుప్ప పడవు. చాపెల్ పెన్నీలు మాత్రమే కాదు. అడుగున ఉన్నవాటి మీద ఇత్తడి పాలిష్ గీతలు కనబడ్డాయి. అవి అతను తెచ్చి ఇచ్చినవే.

సాయంత్రం ఇంటికి రాగానే నోలా జేబులు వెతికేది. ఇవి ఎవరిచ్చారు నాన్నా, అనేది. ఇళ్ళవాళ్ళు వాళ్ళ కిందున్నాయన కోసం పడేస్తుంటారు, నేనే కదా అక్కడుండేది, అని వేళాకోళమాడేవాడు. ఒకరోజు ఇంకో మాట కూడా అన్నాడు. మనింట్లో వాళ్ళే పిసినారులు, నాకోసం ఒక్క పెన్నీ పడెయ్యరు, అన్నాడు. అన్న సంగతే అతనికి ఇప్పటిదాకా గుర్తు లేదు.

నాన్న ఏదో ఒకరోజు తన ఇంటి కిందికి రాకపోడని ఆ పిల్ల అనుకుంది.

"థెల్" అని పిలిచాడు.

"చెప్పు."

"సైతానూ లేడు, గియితానూ లేడు. అది చెప్పిన కిందాయన నేనే."

అతను రంధ్రానికి నోరు దగ్గరగా పెట్టి మొత్తం చెప్పాడు, తన వేళాకోళంతో సహా. తనది కూడా తప్పేనన్నాడు. పైన మోకాళ్ళు నేలకి తగిలిన చప్పుడైంది. థెల్మా నేల మీద కూర్చుంది.

"మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాడు.

"నిజం చెప్పింది నా తల్లి" అంది థెల్మా. "నిజం చెబుతుంటే నోట్లో సబ్బు పెట్టా." ఆమె ఏడుపు చెక్కల్లోంచి కిందికి వినబడింది. చాలాసేపు ఏడ్చింది. ఆమెకి దగ్గరగా ఉండాలని క్లారీ ఆమె కూర్చున్న చెక్క కిందికి జరిగాడు. ఏడుపు ఆగాక ఆమె గొంతు తేటగా ఉంది. ఆ నాణేలని తనకిమ్మంది.

పద్ధతి ప్రకారమైతే ఆ ముద్దని నూనెలో నానబెట్టాలి. క్లారీ పైనున్న వాటిని వేళ్ళతోనే మెల్లగా విడదీశాడు. సంవత్సరం చూడలేదు, ముత్యాలు లెక్కపెట్టలేదు. అంచులు పట్టుకుని ఒక్కొక్కటే రంధ్రంలోంచి పైకి తోశాడు. ఆమె వేళ్ళు అందుకున్నాయి. పైన వాటిని గౌనుకి రాస్తున్నట్టు చప్పుడు వినిపించింది.

"రుద్దకు" అన్నాడు.

"రుద్దట్లేదులే. పట్టుకున్నా, అంతే."

ఇంకొకటి తోశాడు. మరొకటి. భుజంలోని నొప్పి ఇప్పుడు దవడ దాకా వచ్చింది. కాసేపు నడుం వాలుస్తానన్నాడు. పడుకో, నేనెక్కడికీ వెళ్ళనులే, అంది థెల్మా. మట్టి చల్లగా, చెంపకి హాయిగా ఉంది. పైన ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది, నోలాని నిద్రపుచ్చేటప్పటిదే. క్లారీ కళ్ళు మూసుకున్నాడు.

అతనికి పనిలో కునుకు తీయడం అలవాటే కాబట్టి థెల్మా లేపలేదు. రంధ్రం పక్కన చెయ్యి ఆనించి, తరవాతి నాణెం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కిటికీలో ఎండ పసుపు రంగుకి తిరిగింది. అప్పుడు పిలిచింది. పలక్కపోతే మళ్ళీ పిలిచింది. తరవాత పిలవడం మానేసి, అతను ఉన్నవైపు చెక్క మీద పడుకుంది. పక్కింటివాళ్ళు వచ్చేసరికి అలాగే ఉంది.

ఊళ్ళో ఇంకెవరూ ఇంటి కింద దూరే పని ఎరిగినవాళ్ళు లేరు. అతన్ని బయటికి తీసుకురావడానికి నలుగురు మనుషులు నానా అవస్థా పడ్డారు. టార్చీ, పార, మోచేతి తోళ్ళు అన్నీ తెచ్చి వసారాలో పెట్టారు. జాకీని కూడా తెద్దామని ఒకతను మళ్ళీ కిందికి దూరబోతే థెల్మా వద్దంది. తీస్తే మూల కుంగుతుంది, తలుపు మళ్ళీ బిగుసుకుంటుంది, అంది. ఆమె సోమవారం బెండిగో వెళ్ళేటప్పుడు నోలా గది తలుపు బార్లా తెరిచే ఉంది. దాని కింద, చీకట్లో, అతను ఆఖరిసారి తిప్పి వదిలిన చోటే మర ఆగి, జాకీ దూలాన్ని మోస్తూ నిలబడి ఉంది.