కరెంటు పెట్టెకు పెట్టిన బొట్టు

నేను ఒక కరెంటు కొలిచే పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. గోడ ప్లగ్గులో నన్ను గుచ్చి, నాలో మీ ఫ్రిజ్జో మిక్సీయో గుచ్చితే, అది ఎన్ని యూనిట్లు తాగిందో అంకెల్లో చెప్పేస్తాను. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి ఆవులిస్తూనే బిగించింది గాని, లెక్కలో మాత్రం లోపం లేకుండా పుట్టాను.

విజయనగరంలో ఒక మహిళా సంఘం నన్ను కొని, ఇంటింటికీ వంతులవారీగా ఇచ్చేది. మొదటి ఇంట్లో ఆయన అన్నీ కొలిచి, పొదుపు గురించి వీధికంతా ఉపన్యాసమిచ్చి, టీవీ ఆపకుండా నిద్రపోయాడు. మనుషుల మీద నాకు కోపం రాదు, జాలే.

తర్వాత పైడమ్మ చేతికొచ్చాను. ఆవిడకూ, పక్క వాటాలో అద్దెకుంటూ జాకెట్లు కుట్టే సత్యవేణికీ కలిపి మీటరు ఒక్కటే. బిల్లు పెరగడానికి ఆ కుట్టుమిషను మోటారే కారణమని పైడమ్మ గట్టి నమ్మకం. కొత్త వస్తువు ఇంటికొస్తే ఊరుకుంటారా? నాకు పసుపు రాసి, సరిగ్గా అంకెల అద్దం మీదే ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. అంకెల మధ్యనుండే దశాంశ చుక్క దాని కింద పడిపోయింది. చెబుదామంటే నాకు నోరేదీ!

రోజంతా కుట్టినా మిషను అర యూనిట్టు కూడా తాగలేదు. 0.40 అని చూపించాను. పైడమ్మకు నలభై కనిపించింది.

"నలబై యూనిట్లే! ఇల్లు కాళీ సేసీ. నీ మిసనూ వద్దు, నీ అద్దే వద్దు."

సత్యవేణికి గిరాకీ అంతా ఆ వీధిలోనే. అక్కణ్ణించి కదిలితే పొయ్యి వెలగదు. కుట్టాల్సిన బట్టలు మూటగట్టి, ఏడుస్తూ మోటారు విప్పింది. అంతలో ఏం తోచిందో, "పిన్నీ, ఒకపాలి నీ ఫ్రిజ్జుకి కూడా ఎట్టి సూడు. అప్పుడెలిపోతాను" అంది.

ఆ ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిపోయి, పాత చీర పేలికతో కట్టి ఉంది. మర్నాటికి నా అద్దం మీద నాలుగు వందల పది!

"ఏటిది? మన ఈదంతా కలిపినా ఇంత తాగదే!"

పైడమ్మ నన్ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. లెంపలేసుకుని, కొంగుతో కుంకుమ తుడిచింది. చుక్క బయటపడింది. ఫ్రిజ్జు నాలుగు యూనిట్లు దాటింది. మిషను అరైనా కాదు.

నెగ్గినందుకు నేను సంతోషించాలి. ఆవిడ ముఖం చూస్తే బాధేసింది. పక్క వాటాలోకి వెళ్ళి, సత్యవేణి కట్టిన మూట తనే విప్పింది. అందులోంచి తను కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డ లాగి మిషను మీద పెట్టింది.

"రేపటికల్లా కుట్టియ్యాల. ఆ మోటారు బిగించు."