బొంత కింద రాసే పేరు

పసిఫిక్ సముద్రంలో, కుక్ దీవుల్లోని రరొటోంగాలో మనిషి పోతే వాళ్ల కోసం కుట్టిన బొంతలో చుట్టి మట్టిలో పెడతారు. ఆ బొంతల్ని ఎవరూ అమ్మరు, ఎవరూ దాచరు. అలాంటిది, అకైతి తన సొంత అక్క పునాంగాని ఉత్త దుప్పట్లో సాగనంపింది. ఇద్దరూ కూర్చుని రెండేళ్లపాటు కుట్టిన ఎర్రమందారాల బొంత పెట్టె అడుగున ఉండిపోయింది. సముద్రాల అవతల ఒక పెద్ద ప్రదర్శనశాల దాన్ని అడిగింది మరి. అక్క పేరు, దేశం పేరు లోకమంతా చదువుతుందని అకైతి ఆశపడింది. ఊళ్లో ఆడవాళ్లు మొహం మీదే ఛీ అన్నారు. నోరు మూసుకుని మాటలు పడింది.

పది నెలల తర్వాత ప్రదర్శనశాల మనిషి హెన్రిక్ బొంత తీసుకెళ్లడానికి వచ్చాడు. మర్యాదస్తుడే. పెట్టిన బొప్పాయి తిన్నాడు, చేతులు కడుక్కున్నాకే బొంతని తాకాడు. తర్వాత సంతకానికి కాగితం తీశాడు. అకైతి కళ్లజోడు పెట్టుకుని చదివింది. కుట్టినవారు పునాంగా, అకైతి. దేశం న్యూజిలాండ్.

"ఇదేంటి?" అంది.

"మీ దేశం కదమ్మా. మీ పాస్‌పోర్టు వాళ్లదేగా?"

"పాస్‌పోర్టు వాళ్లదే. అయితే? పక్కింటోళ్ల గొడుగేసుకుని బజారుకెళ్తే వాళ్లింటి కోడల్నైపోతానా?"

"అంటే, మీరు వాళ్ల పాలనలో ఉన్నారని..."

"ఎవరి పాలనయ్యా? పందొమ్మిది వందల అరవై అయిదు నుంచీ మా పాలన మాదే. మా ప్రధానమంత్రి మాకున్నాడు, మా పార్లమెంటు మాకుంది. అందులో సగంమందికి ముక్కు తుడిచి అక్షరాలు నేర్పింది నేనే. వాళ్లు గడ్డి తింటే ఇక్కడే నిలబెట్టి తిడతాం. వెల్లింగ్టన్‌కి పోయి మొరపెట్టుకోం."

హెన్రిక్‌లో కుళ్లూ కుత్సితం ఏమీ లేవు, ఒళ్లు మండేది అందుకే. దారాల వయసు చూసి చెప్పగల మనిషి, దారం పట్టిన చెయ్యి ఏ దేశానిదో కనుక్కోకుండా ఇంత దూరం ఎగిరి వచ్చాడు. ఇలాంటివాళ్లు ఒకళ్లా ఇద్దరా?

పునాంగా కూతురు రంగి అంతసేపూ గుమ్మంలోనే నిలబడి వింది.

"పిన్నీ, సంతకం పెట్టెయ్. అమ్మ పేరైతే పడుతోందిగా. కప్పాల్సిన రోజున ఎలాగూ కప్పలేదు. గోడకైనా ఎక్కనీ."

ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. అకైతి కలం తీసుకుంది. న్యూజిలాండ్ అన్న మాట కొట్టేసి, 'కుక్ దీవులు' అని బడిలో నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా రాసింది. కింద సంతకం పెట్టింది.

హెన్రిక్ ఇబ్బందిగా కదిలాడు. "మా కంప్యూటర్లో ఆ పేరు లేదమ్మా. మార్చడం నా చేతుల్లో లేదు. పోనీ, కింద చిన్న అక్షరాల్లో వేయిస్తాను."

"చిన్న అక్షరాలా?" అకైతి లేచి నిలబడింది. "పదిహేను దీవులయ్యా మావి! నీ గోడ కోసం మా అక్కని ఉత్త దుప్పట్లో పంపాను. ఊరంతా ఉమ్మేస్తే తుడుచుకున్నాను. నువ్వొచ్చి చిన్న అక్షరాలంటావా? లే. బొప్పాయి మిగిలింది, కావాలంటే పట్టుకెళ్లు. బొంత రాదు."

అతను కాగితం మడుచుకుని వెళ్లిపోయాడు. అకైతి బల్ల మీది బొంతని తనవైపు లాక్కుంది.

"అటు అమ్మకీ లేదు, ఇటు లోకానికీ లేదు. ఇంకెందుకు పిన్నీ ఇది?" అంది రంగి. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"నేను పోయిన రోజున నాకు చుట్టు. మీ అమ్మకి నేనే తీసుకెళ్లి ఇస్తాను. తిట్లు కూడా నేనే తింటాను."

రంగి కళ్లు తుడుచుకుని వచ్చి బొంత రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడత పెట్టారు.