ఒక్కపూటలో ఏడు రోజులు

"వాణీ! సబ్బు మింద వెంట్రుక ఉండాది సూడు!"

మా ఆయన స్నానాల గదిలోంచి అరిచాడు. ఆ సబ్బు తీసేసి కొత్తది ఇచ్చేదాకా నీళ్లు పోసుకోడు. ఇరవై నాలుగేళ్లుగా ఇదే వరస. కొత్త సబ్బు అందుకుంటూ, తలుపు సందులోంచే చెప్పాడు.

"నాలుగు చీరలు పెట్టుకో. ఎర్రది వద్దు. పోయినేడు రెండు ఫొటోల్లో అదే పడింది."

నవంబరు పద్నాలుగు. ఆ రోజు నుంచి ఇరవై దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆళ్లగడ్డలో చెన్నమ్మ స్మారక గ్రంథాలయానికి మా ఆయన నారాయణ పదిహేడేళ్లుగా లైబ్రేరియన్. వారోత్సవాలంటే రోజుకొక కార్యక్రమం. ఒకరోజు పిల్లలు, ఒకరోజు పుస్తక ప్రదర్శన, ఒకరోజు సన్మానాలు, ఒకరోజు మహిళలు, చివర్న బహుమతులు. ఏ రోజు ఫొటో ఆ రోజు నంద్యాలలో ఉండే కమిటీ పెద్దల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మా ఆయన మాత్రం ఏడు రోజులూ ఒక్కపూటలో ముగిస్తాడు. ఏడు ఫ్లెక్సీలు ముందే కొట్టించి పెట్టుకుంటాడు. ఒకటి విప్పి ఇంకొకటి కడతారు. మగవాళ్లు కుర్చీలు మారతారు, ఆడవాళ్లు చీరలు మారుస్తారు. పన్నెండున్నరకల్లా వారం అయిపోతుంది. ఇక మిగిలిన ఆరు రోజులూ గ్రంథాలయానికి తాళం వేసి, ఇంట్లో కాళ్లు చాపుకుని, పదింటికి ఒక ఫొటో పంపిస్తాడు.

ఇది మోసమని నాకెప్పుడూ గట్టిగా అనిపించలేదు. ఏ రోజుకు ఏ చీర అని ఎంచుకోవడం సరదాగా కూడా ఉండేది. ఆ సంగతి దాచను. ఈసారి ఆ సరదా లేకపోవడానికి కారణం రమ్య.

రమ్య మా వీధి చివర పిండిమర నడిపే ఏసయ్య, జీవమ్మల కూతురు. డీఎస్సీకి చదువుతోంది. వాళ్లకున్నది మర వెనక ఒకటే గది. పొద్దున ఏడింటికి మర మొదలైతే దీపాలు పెట్టేదాకా గోడలు అదురుతూనే ఉంటాయి. చెంబులో నీళ్లు కూడా వణుకుతాయి. అందుకని ఆ పిల్ల రెండేళ్లుగా తొమ్మిదింటికి గ్రంథాలయానికి వచ్చి, మహిళల బల్ల దగ్గర సాయంత్రం ఆరు దాకా కూర్చుంటుంది. పరీక్ష ఇంకా ఐదు వారాలుంది.

వారం కిందట జొన్నలు పట్టించడానికి మరకు పోతే, జీవమ్మ నా డబ్బా అందుకుంది గానీ నా ముఖం చూడలేదు.

"ఏం జీవమ్మా, రమ్య కనపడ్డమే లేదు?"

"జొరం. నంద్యాలకు తీస్కపోయింటిమి. ఆడ డాక్టరమ్మ నన్ను తిట్టె. పిల్ల నీళ్లు తాగదా, మూత్రంలో చీము పట్టింది అని. ఎట్ల తాగుతాది వాణమ్మా? తాగితే పోవాల గదా. పోనీకి ఆ లైబ్రరీలో యాడుండాది?"

గ్రంథాలయంలో మగవాళ్లు ప్రహరీ వెనక్కి పోయి వస్తారు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉంది గానీ, తాళం. నీళ్లు రావు.

"మోటారు కాలిపోయింది గదా జీవమ్మా. బాగు చేయిస్తారంట" అన్నాను. మా ఆయన రెండేళ్లుగా నాతో అంటున్న మాటే నేనూ అన్నాను.

"పొద్దున లోటాడు తాగి పోతాది, మల్ల ఇంటికొచ్చినాకనే. నొప్పికి మెలికలు తిరిగింది గానీ ఎందుకో నోరు తెరిసి సెప్పలే. నాకే సిగ్గేసింది, కన్నదాన్నై కనుక్కోలేకపోతి. ఇంక పంపీను. ఈ సప్పుడులోనే సదువుకోనీ. రాకపోతే పాయె ఉద్దోగం."

లోపల మంచం మీద రమ్య చెవులకు తువ్వాలు చుట్టుకుని, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. వద్దని చెయ్యి ఊపి వచ్చేశాను.

ఆ పగిలిన పెదవులు కళ్లలో పెట్టుకునే నాలుగు చీరలు సంచీలో సర్దాను.

మేం పోయేసరికి పక్కింటి నిర్మల అప్పటికే అక్కడుంది, చీరల సంచీతో. బడి నుంచి పదిమంది పిల్లల్ని తెచ్చి మొదటి ఫొటో తీశారు. రెండో ఫ్లెక్సీ కింద పుస్తకాలు పరిచి ఇంకో ఫొటో. మూడోది 'ఉత్తమ పాఠకునికి సన్మానం'. ఉత్తమ పాఠకుడు ప్రతి ఏడూ సుబ్బయ్యే. రిటైరైన టీచరు, రోజూ పేపరు చదవడానికి వస్తాడు. మా ఆయన ఆయనకు శాలువా కప్పి, ఫొటో అయ్యాక శాలువా తీసి మడతపెట్టి కవర్లో వేశాడు.

"తొమ్మిదేండ్లాయె నాకు సన్మానం జేస్తాండావ్ నారాయణా. ఒక్కసారన్నా ఆ శాలువా నా ఇంటి గడప చూడనీలే నువ్వు" అన్నాడు సుబ్బయ్య.

"వచ్చే ఏడు ఇస్తాలే సార్."

"నాకా, నా ఫొటోకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత చీరలు మార్చుకోవాలి. ఏటా బీరువాల వెనక మార్చుకునేవాళ్లం. ఈసారి అక్కడ కొత్త పుస్తకాల మూటలు గుట్టగా పడి ఉన్నాయి. మా ఆయన అటూ ఇటూ చూసి, మేజా సొరుగులోంచి ఒక తాళంచెవి తీశాడు. దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"ఈడ మార్చుకోండి. బేగా రావాల. నేల మింద నీళ్లు పోయొద్దు" అని ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు తెరిచాడు.

లోపలికి పోయి నిలబడిపోయాను.

తెల్ల టైల్స్. ఒక్క మరక లేదు. మూలన నీలం బకెట్, దాంట్లో స్టిక్కరు కూడా ఊడని మగ్గు. గూట్లో కాగితం విప్పని సబ్బు, ఫినాయిలు సీసా. గోడకు అద్దం.

"అబ్బ! మా ఇంట్లో కూడా ఇంత తెల్లగా లేదు కదక్కా" అంది నిర్మల, పిన్నులు నోట్లో పెట్టుకుని.

నేను కుళాయి తిప్పాను. మొదట గాలి వచ్చింది. తర్వాత నీళ్లు ధారగా వచ్చి నా పాదాల మీద పడ్డాయి. చల్లటి, శుభ్రమైన నీళ్లు. కంపుకొట్టే చోట ముక్కు మూసుకుంటే సరిపోతుంది. ఆ గదిలో ఏ వాసనా లేదు. అదే నన్ను వాంతి దాకా తెచ్చింది.

సగం కట్టిన చీరతోనే తలుపు ఓరగా తీసి పిలిచాను.

"ఏమయ్యా, మోటారు కాలిపోయిందన్నావే?"

"ఎప్పుడో బాగైందిలే."

"ఎప్పుడు?"

"పోయినేడు కాదు, అటు మొన్నేడు. ఇప్పుడెందుకవన్నీ? బేగా కానీ, మహిళల ఫొటో తియ్యాల."

"మరి తాళమెందుకు?"

గొంతు తగ్గించాడు. అది సిగ్గుతో కాదు, చిన్నపిల్లకు లెక్క నేర్పే ఓపికతో.

"తెరిస్తే ఎవరు కడగాల? సంత దినం ఊళ్లో ఆడోళ్లంతా ఈడికే వస్తారు. నంద్యాల నుంచి పెద్దోళ్లు చూడనీకి వస్తే చూపియ్యాల కదా? వాడితే పాడైపోతాది వాణీ."

వాడితే పాడైపోతుందట. నా ఇంట్లో స్నానాల గది రోజూ కడిగేది నేను. మురిక్కాలవలో చెయ్యి పెట్టి ఈయన జుట్టు ఉండలు తీసేది నేను. ఒక వెంట్రుక తగిలితే ఒళ్లు జలదరించే ఈ మనిషి, ఎదురుగా ఒక పిల్ల రెండేళ్లు పెదవులు ఎండగట్టుకుని కూర్చుంటే, చూసి సొరుగు మూసుకున్నాడు. ఆయన మీద వేసిన అసహ్యం అక్కడితో ఆగలేదు. జీవమ్మకు మోటారు కథ చెప్పిన నోరు నాది.

చీర కట్టుకుని బయటికి వచ్చాను. నిర్మల వచ్చాక తలుపుకు తాళం వేశాను గానీ, తాళంచెవి తిరిగి ఇవ్వలేదు. కొంగున ముడేసుకున్నాను.

నాలుగో ఫ్లెక్సీ కట్టారు. 'మహిళా పాఠకుల దినం' అని పెద్దగా, కింద 'ప్రత్యేక బల్ల, మరుగుదొడ్డి సౌకర్యం కలదు' అని చిన్నగా ఉంది. మహిళల బల్ల దగ్గర ముగ్గురమ్మాయిలు కూర్చున్నారు. అప్పుడే జీవమ్మ రమ్యను వెంటబెట్టుకుని వచ్చింది. తీసుకున్న పుస్తకాలు ఇచ్చేసి కార్డు తీసేయించుకోవడానికి. జీవమ్మ జుట్టులో, కనుబొమల మీద తెల్లగా పిండి.

మా ఆయన ముఖం వెలిగింది. "సమయానికి వచ్చినారు. రమ్యా, నువ్వు నడుమ కూచో. ఆ పెద్ద పుస్తకం పట్టుకో. జీవమ్మా, నువ్వు పక్కకు జరుగు, నీ ఒంటి మింద పిండుండాది."

"కార్డు తీసేయప్పా, పోతాం" అంది జీవమ్మ.

"ఫొటో అయినాక తీస్తా."

రమ్య పోయి కూర్చుంది. ఆ పిల్లకు కాదనడం రాదు. రెండేళ్లుగా అదే ఆమె జబ్బు.

నేను కొంగు ముడి విప్పి తాళంచెవి ఆమె ముందు బల్ల మీద పెట్టాను.

"పో రమ్యా. నీళ్లు వస్తాండాయి."

రమ్య తాళంచెవిని చూసింది, మా ఆయన్ని చూసింది, తల దించుకుంది. ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు జీవమ్మ వచ్చి తాళంచెవి తీసుకుంది. నేరుగా పోయింది. లోపల కుళాయి నీళ్లు జోరున పడిన చప్పుడైంది. కాసేపటికి ముఖం కడుక్కుని, పిండంతా పోయి, నల్లగా నిగనిగలాడుతూ గడపలో నిలబడింది.

"లే మే! మోటారంట, కాలిపోయిందంట! ఈడ సూడు, పెండ్లింటి మాదిరి ఉండాది. లే!"

రమ్య లేచింది. ఆమె వెనక ఇంకొక అమ్మాయి, ఆ వెనక మిగిలిన ఇద్దరూ లేచారు. నిర్మల కూడా చీరల సంచీ కుర్చీలో పడేసి పోయి వరసలో నిలబడింది. ఫ్లెక్సీ కింద అన్నీ ఖాళీ కుర్చీలే.

"ఏందిది? ఫొటో అయినాక పోవచ్చు గదా!" మా ఆయన గొంతు చిట్లింది.

"రెండేండ్లు ఆపుకున్నోళ్లప్పా. నువ్వే రెండు నిమిషాలు ఆపుకో" అన్నాడు సుబ్బయ్య, పేపరు దించకుండా.

మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆయన వరసను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు. ముఖం నెమ్మదిగా తేటపడింది.

"సుబ్బయ్య సార్, ఆ ఫ్లెక్సీ కొస పట్టుకోండి. తలుపు పైకి జరుపుదాం. అట్లనే ఉండండమ్మా వరసలో. కొంచెం నవ్వండి."

ఫోను ఎత్తి టకటకా నాలుగు తీశాడు. అక్కడే నిలబడి బొటనవేలితో టైపు చేశాడు. నా ఫోను కూడా మోగింది, ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. 'మహిళా పాఠకుల కోసం నూతన మరుగుదొడ్డి ప్రారంభం. విశేష స్పందన.' కింద అప్పుడే మూడు దండాలు, రెండు పూలగుచ్ఛాలు.

"చూసినావా? నీవల్ల మంచే జరిగె" అన్నాడు నా భుజం తట్టి.

ఆ చెయ్యి తగిలిన చోట తడి వెంట్రుక అంటుకున్నట్టయింది. పక్కకు జరిగాను. సంచీలో మిగిలిన మూడు చీరలు విప్పలేదు. మిగతా మూడు రోజులూ నేను లేకుండానే గడిచాయి.

జీవమ్మ పోబోతూ నా దగ్గర ఆగింది.

"కార్డు తియ్యలేదు. పంపిచ్చమంటావా? రేపట్నుంచి వారం తాళమే కదా ఈయప్ప."

"తొమ్మిదింటికి పంపు. నేను తెరుస్తా."

"రోజూ?"

"పరీక్ష అయ్యేదాకా."

జీవమ్మ నా ముఖం చూసింది. నమ్మిందని అనుకోను. తలూపి పోయింది.

మరునాడు మా ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు. మేకుకున్న గ్రంథాలయం తాళాలు తీసుకుని పాత నూలుచీరలో బయల్దేరాను. రమ్య మెట్ల మీద కూర్చుని ఉంది, పక్కన లీటరు సీసా నిండా నీళ్లు. తలుపు తీశాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం తెరిచే ముందు సీసా ఎత్తి గటగటా తాగింది. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను.

నేను చీపురు తీసుకుని ఆడవాళ్ల మరుగుదొడ్డిలోకి పోయేసరికి ఫోను వణికింది. గ్రూపులో రెండో రోజు ఫొటో. పుస్తకాల బల్ల వెనక పచ్చచీరలో నేను, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాను. దాన్ని చూస్తుండగానే మా ఆయన ఫోను చేశాడు.

"యాడుండావే? ఈడ సబ్బు మింద వెంట్రుక ఉండాది!"

"ఉంటే తీసేసుకో. అది నీదే" అన్నాను.

ఫోను గూట్లో బోర్లించి బకెట్ కుళాయి కింద పెట్టాను.