నోట్లో మేకులు

గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తోసుకుంటూ, సీట్లాయన బస్సు సీటు చెక్కకు రెక్సిన్ బిగిస్తున్నాడు. ఎడమచేత్తో రెక్సిన్ ముడత పడకుండా లాగిపట్టాలి, కుడిచేత్తో సుత్తి వెయ్యాలి. మూడో చెయ్యి లేదు గనక మేకులకు నోరే డబ్బా. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి. అందుకే డిపో షెడ్డులో అతని మాట విన్నవాళ్లు తక్కువ. ఏమడిగినా "ఊఁ" అంటాడు. నోట్లో నాలుక లేని మనుషులు చాలామందే ఉంటారు గాని, మేకులున్నవాడు మాత్రం ఇతనొక్కడేనని రంగులాయన కొత్తవాళ్లందరికీ చెబుతుంటాడు.

రంగులాయన బస్సుల మీద నంబర్లు రాస్తాడు. ఇద్దరికీ ఆ షెడ్డులోనే జుట్టు నెరిసింది.

సీటు మీదికి వంగినప్పుడల్లా మంట పొట్టలోంచి గొంతు దాకా ఎగబాకుతోంది. నోట్లోకి పుల్లగా ఊరిన నీరు మేకుల ఇనుప రుచితో కలుస్తోంది. సీట్లాయన నిటారుగా లేచి, మేకులు జారకుండా జాగ్రత్తగా గుటక వేసి, మళ్లీ వంగాడు.

"మళ్లీ మంటేనా?" అన్నాడు రంగులాయన, కుంచె దించకుండా.

"ఊఁ."

"వదిన నిన్ను మేకను చేసి పెట్టింది అన్నా. పొద్దున్నే నిమ్మరసం, మధ్యాహ్నం పచ్చి కూరలు. మేకకైతే నెమరేసుకునే సుఖమన్నా ఉంది."

సీట్లాయన మేకుల్ని అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. మాట్లాడబోతున్నాడని దానికి గుర్తు.

"ఆవిణ్ణేమీ అనకు. తనూ అదే తింటోంది."

షుగరుందని డాక్టరు చెప్పిన సాయంత్రమే భార్య బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించింది. ఆమె తండ్రిది కూడా అదే జబ్బు. ముందు కాలి వేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మనిషి. పెళ్లి కాకముందు ఆ కట్లు మార్చింది ఆమే. "ఈసారి పోనివ్వను," అంది ఆ సాయంత్రం, మొగుడితో కాదు, ముందున్న కత్తిపీటతో అన్నట్టుగా. ఆ ముఖం చూశాక, నువ్వు పెట్టే తిండి మంట పుట్టిస్తోందని ఏ నోటితో చెప్పగలడు? అతని నడుం సన్నబడుతుంటే, ప్యాంటు బిగించి కుట్టడానికి ఆమె సూదీ దారమూ తెచ్చుకుని కూర్చునేది. నోట్లోనే ఏదో కూనిరాగం తీసేది. ఆమె పాడగా అతను వినడం అదే మొదలు.

"పోనీ, డాక్టరుకు చూపించుకో," అన్నాడు రంగులాయన.

"వెళ్తే వెంట తనూ వస్తుంది. తిండి పడలేదమ్మా అని ఆయన ఆవిడ మొహం మీదే అంటాడు. ఇంక తన చేతుల్లో ఏం మిగుల్తుంది చెప్పు?"

మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే టమాటా, ఉల్లి, క్యారెట్ చక్రాలు. చక్రాలన్నీ ఒకే మందాన, అచ్చులో పోసినట్టున్నాయి. ఒక్క ముక్క మిగలకుండా తిన్నాడు. ఇవాళ మంట ఎడమ భుజం మీదికి కూడా పాకింది. పొద్దుటి నుంచీ రెక్సిన్ లాగుతున్న చెయ్యి, నొప్పి పుట్టదా మరి అనుకుని భుజం నొక్కుకున్నాడు.

తిన్నాక చిరుగు సీట్లలోంచి తీసిన స్పాంజి ముక్క ఒకటి దిండుకని ఏరి, ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు పల్చగా కోశాడు. తల ఎత్తులో పెట్టుకుని పడుకుంటే మంట పైకి రాదని మందుల షాపావిడ చెప్పిందట. పాత పరదా గుడ్డ దానికి గలేబు.

"మీ వదిన అడిగితే మెడనొప్పికని చెబుతా. నిన్నడిగినా అదే చెప్పు."

"బాగుంది వరస. మంట నీ కడుపులో, నొప్పి నీ మెడలో, అబద్ధం నా నోట్లో."

సీట్లాయన నవ్వాడు. మిగిలిన మేకులు అలవాటుగా నోట్లో వేసుకుని, గోడవారన తానే బిగించిన కొత్త సీటు మీద కూర్చుని, దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టాడు.

రంగులాయన బస్సు అవతలి వైపు నంబరు రాస్తూ కేకేశాడు. "అన్నా, టీ తాగుతావా?"

"ఊఁ."

"చక్కెర లేకుండానే కదా?"

జవాబు లేదు. నోట్లో మేకులున్నాయిగా అనుకుని, చివరి అంకె నింపాదిగా ముగించి, టీ తెచ్చాడు. సీట్లాయన వెనక్కి ఆనుకుని ఉన్నాడు. చాన్నాళ్లుగా నుదుటి మీదుండే ముడత ఇప్పుడు లేదు. రంగులాయన గ్లాసు కింద పెట్టాడు. వేలు పెట్టి, ఆ పెదవుల మధ్య నుంచి మేకులు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

గుండె అన్నారు ఆసుపత్రిలో. కొన్నాళ్లుగా సూచనలు ఉండే ఉంటాయన్నారు.

సాయంత్రం ఇంట్లో ఆమె అడిగింది. "నీకేమన్నా చెప్పారా? నొప్పని, మంటని?"

రంగులాయన చేతిలో ఉన్నది అందించాడు. "దిండు వదినా. అన్న కుట్టుకుంటున్నాడు. మెడనొప్పన్నాడు."

"మెడనొప్పా," అంది ఆమె. "నాతో ఒక్క మాటన్నా అనలేదు. కాపడం పెట్టేదాన్నిగా."

దిండును మంచం మీద, అతను పడుకునే వైపున ఉంచింది. కుట్టని అంచులోంచి పసుపుపచ్చ స్పాంజి బయటికి కనబడుతోంది. మంచం పట్టె మీంచి దారం జారి, దాని చివర దబ్బనం ఇంకా మెల్లగా ఊగుతోంది.