ఈసారి మద్దెలే ఓడు

మా ఆయన నెల రోజులుగా టీ సగం కప్పే తాగుతున్నాడు. "చాలు, ఆకలి చచ్చిపోతోంది" అంటాడు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని, కొలతలో తేడా నాకు తెలియకుండా ఉంటుందా? నిండు కప్పు తొణుకుతుందని ఆయన భయం. వాళ్ల అన్నయ్యకి, అంటే మా బావగారికి, చేతుల వణుకు జబ్బు బయటపడింది టీ కప్పుతోనే. చివరికి ముద్ద కూడా ఇంకొకరు నోట్లో పెట్టాల్సి వచ్చింది.

మా ఆయన బస్సు డ్రైవరు. సెలవు రోజున వంటగది బల్ల మీద పాత రేడియోలు విప్పి బాగుచేయడం ఆయన సరదా. నెల కిందట పక్కింటావిడ కూతురు పాటలు వాయించుకునే చిన్న కీబోర్డు పాడైందని తెచ్చిచ్చింది. రేడియోల్లో తీగలు లావుగా ఉండేవి. ఇందులో బోర్డు మీది చిప్పులకి చీమ కాళ్లంత కాళ్లు, పక్కపక్కనే. ఒకదానికి టంకం పెట్టబోతే మూడింటికి అంటుకుంది. సోల్డరింగ్ ఐరన్ మొన గజగజలాడటం ఆయనా చూశాడు, నేనూ చూశాను. మర్నాడు సామానంతా డబ్బాలో సర్ది అటకెక్కించేశాడు.

చివరికి నేనే బలవంతాన తీసుకెళితే, డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు. "అన్నయ్యకీ మొదట్లో అలాగే అన్నారు" అన్నాడు ఈయన, మెట్లు దిగుతూ. నాకు ఒళ్లు మండింది. చెయ్యి బాగుందంటే ఇక అనుమానించాల్సింది ఐరన్‌నే. ఇంటికొచ్చి, అటక మీది పాత ఐరన్ దింపి సంచిలో వేశాను.

"పదండి, కొత్తది కొందాం."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఐరన్ మారిస్తే చెయ్యి మారుతుందా?"

"మారకపోతే ఓ మూల పడుంటుంది. నడవండి ముందు."

దుకాణమామె మాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. మా ఆయన తడుముకోకుండా అరవై వాట్లది అడిగాడు.

"అంతదెందుకన్నయ్యగారూ? కారే బిందెలకి మాట్లు వేస్తారా?"

"వేడి ఎక్కువుంటే పని తొందరగా అవుతుందమ్మా. చెయ్యి ఎక్కువసేపు నిలపక్కర్లేదు" అన్నాడు, గొంతు తగ్గించి.

"బోర్డు మాడిపోతుంది. ఇప్పుడు వాడేది ఉందా?"

సంచిలోంచి తీసిచ్చాను. ఆమె ఓ కాగితం మీద వరసగా పది చుక్కలు పెట్టి, "ప్లగ్గు పెట్టకుండానే, మొనతో వీటిని ముట్టుకోండి" అంది. మొన చుక్కల చుట్టూ తిరిగిందే గానీ ఒక్కదాని మీదా నిలవలేదు. ఆయన ఐరన్ బల్ల మీద పెట్టేశాడు.

ఆమె ఐరన్ తీసుకుని నా చేతికిచ్చింది. "మీరు పట్టండక్కా."

కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే చెయ్యి నాది. ఆ ధీమాతోనే పట్టుకున్నాను. పిడికీ మొనకీ మధ్య జానెడు దూరం. వెనక బిరుసు తీగ మణికట్టుని లాగుతోంది. మొన ఆయన చేతిలో కన్నా ఎక్కువగా వణికింది!

"సూదిని జానెడు దూరంలో పట్టుకుని ఎవరైనా కుడతారా?" అన్నాను, తెల్లబోయి.

"నేను చెప్పబోయేదీ అదే" అంటూ ఆమె ఇంకొకటి తీసింది. పెన్నంత ఉంది. మొనకి రెండు వేళ్ల దూరంలోనే పట్టు, మెత్తటి తీగ, వేడి తగ్గించుకునే మీట. మా ఆయన దాంతో ఒక చుక్క ముట్టుకున్నాడు. తర్వాత రెండోది. పదోదాకా ఆపలేదు. నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా చెయ్యి వణికినందుకు సంతోషించడం పుట్టాక అదే మొదటిసారి. ఆడలేనివాళ్లు మద్దెలని తిట్టడం లోకంలో ఉన్నదే. మా ఆయన మాత్రం మద్దెల ఓడైనా తనకే ఆట రాదనుకునే రకం. దారి పొడుగునా ఆ మాటే అని ఏడిపించాను.

ఇంటికొచ్చి టీ పెట్టాను. అలవాటు కొద్దీ ఆయన కప్పులో సగం పోసి ఆపాను. కొత్త ఐరన్ అట్టపెట్టె విప్పుతున్న ఆయన, తలెత్తకుండానే కప్పు నా వైపు జరిపాడు.

"ఇంకా పొయ్యి" అన్నాడు. "అంచుదాకా."