నిండుగా ఉండాది

ధర్మవరంలో మార్కండేయ ఇంట్లో మగ్గం మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేస్తున్నారు. ఆ పక్కనే నులకమంచం మీద ఆయన. ఎముకల్లోకి పాకిన కాన్సర్‌కు ఇక వైద్యం లేదని ఆసుపత్రిలో చెప్పి పంపేశారు. మిగిలింది నొప్పి, దాన్ని అణచడానికి మార్ఫిన్ మాత్రలు.

జయరాముడు హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టరు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తిరిగే బృందంలో తనంతట తానే చేరాడు. పని పెద్దదేం కాదు. బడి వదిలాక వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. ఆ కాసేపట్లో మార్కండేయ భార్య అంజనమ్మ అంగడికి పోయొస్తుంది, లేదా గడప మీద కూర్చుని ఊరికే వీధిలోకి చూస్తుంది. శుక్రవారం సాయంత్రం మాత్రం ఫోన్ చేసి, మందు ఉందో లేదో కనుక్కుని నర్సు అశ్వినికి చెప్పాలి. మర్నాడు పొద్దున అనంతపురం నుంచి ఆమె బండి ఏ దారి పట్టేదీ ఆ మాటను బట్టే.

"ఏం సార్, బళ్ళో చాలక మంచాల కాడ గూడా హాజరు తీసుకుంటాండారా?" అన్నాడు మార్కండేయ మొదటి రోజు.

"నువ్వొక్కడివే రోజూ వచ్చే పిల్లోడివి" అన్నాడు జయరాముడు.

"యాడికి పోతా సార్, గోడ దూకే వయసా నాది?"

అంజనమ్మ నవ్వి, మంచినీళ్ళు ఇస్తూ, "ఇంట్లో మేడమ్మ బాగుండారా సార్?" అని అడిగింది.

"బాగుంది" అన్నాడు.

భార్య జ్యోతిలక్ష్మి పోయి అప్పటికే ఒక వానాకాలం గడిచింది, వాన లేకుండానే. ఆ ఇంట్లోకి ఇంకో చావును మోసుకురావడం ఎందుకని అలా అన్నాడు. అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. అంజనమ్మ అప్పటినుంచీ మేడమ్మకని స్టీలు డబ్బాలో ఏదో ఒకటి పంపేది. ఒకసారి బొరుగుల ఉగ్గాణి, ఇంకోసారి శనగవిత్తనాల ఉండలు. ఆయన ఇంటికి పోయి ఒక్కడే తిని, డబ్బా కడిగి మర్నాడు తెచ్చిచ్చేవాడు.

"బాగుండాయనిందా సార్?"

"అనింది."

ఒక శుక్రవారం దీపాలు పెట్టే వేళ ఎప్పటిలాగే ఫోన్ చేశాడు. "మందు ఉందామ్మా?"

అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తర్వాత అంజనమ్మ మెల్లగా, "నిండుగా ఉండాది సార్" అంది.

అమ్మయ్య అనుకున్నాడు. ధర్మవరం రావాల్సిన పని లేదని అశ్వినికి చెప్పాడు. బండి కళ్యాణదుర్గం దారి పట్టింది.

శనివారం బడి నుంచి నేరుగా వచ్చేసరికి మూలుగు వీధిలోకే వినిపించింది. మార్కండేయ పళ్ళ మధ్య తువ్వాలు కరుచుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. మంచం కింద ఖాళీ మాత్రల రేకు.

"నిండుగా ఉందన్నావు కదమ్మా!"

"దీపం ముట్టిచ్చేటప్పుడు అడిగితిరి సార్" అంది అంజనమ్మ. "ఆ పొద్దులో ఇంట్లో లేదనే మాట అనకూడదు గదా. బియ్యం అయిపోయినా నిండుకున్యాయనే గదా అంటాం. తెలుగు సార్లు, మీకు తెలీదా అనుకుంటి. పొద్దున్నుంచీ బండి వస్తాదని చూసినాం."

తెలియకపోవడమేమిటి? ఆ మాటను ఎనిమిదో తరగతికి ఏటా పాఠంగా చెప్పేవాడే. జ్యోతి కూడా బియ్యం డబ్బా అడుగు గీకుతూ ఆ మాటే అనేది. కానీ నిన్న చెవికి వినబడింది నిండుగా అని. వినాలనుకున్నదీ అదే.

ఫోన్ అందుకుని బండిని వెనక్కి పిలిపించాడు. అది వచ్చేసరికి పొద్దు వాలింది. మందు లోపలికి పోయి, నొప్పి కాస్త దిగాక, మార్కండేయ కళ్ళు తెరిచాడు.

"అంజనా, తెలుగు సారుకు తెలుగులోనే మార్కులు తగ్గినాయే" అన్నాడు.

వెళ్ళేముందు జయరాముడు అంజనమ్మను గడప దగ్గరికి పిలిచాడు. "ఇకమీద దీపం వేళైనా సరే, నేనడిగితే లేనిది లేదనే చెప్పు."

"నోరు రాదు సార్."

"రావాలమ్మా. ఆయన కోసం."

ఆమె గూట్లోని దీపం వైపు చూసింది. "సరే సార్" అని, చేతిలో డబ్బా పెట్టింది. "అలసందల వడలు. నిన్న పొద్దున మేడమ్మకని చేసింటి. ఈ గోలలో ఈడనే ఉండిపోయినాయి."

ఆయన తీసుకున్నాడు.

మరుసటి శుక్రవారం, వీధిలో దీపాలు వెలుగుతుండగా, మళ్ళీ ఫోన్ చేశాడు. తన ఇంట్లో ఇంకా లైటు వేయలేదు.

"మందు ఉందామ్మా?"

"మందు ఉండాది సార్. నిజంగానే ఉండాది." గుక్క తిప్పుకుంది. "ఆయప్ప లేడు."

వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి. జయరాముడు ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాడు.

"నొప్పి..."

"లేదు సార్. నిద్దర్లోనే. మీరు అడుగుతారని చూస్తాంటి. లేనిది లేదని చెప్పమంటిరి గదా." ముక్కు చీదుకుంది. "మేడమ్మను పిల్చుకోని రాండి సార్. వీధోళ్ళంతా వచ్చినారు. అయినా ఆమె పక్కన కూసుంటే బాగుంటాదనిపిస్తాంది. ముఖం చూడకపోయినా, నా చేతి వంట తిన్న మనిషి."

నిన్నటి డబ్బా కడిగి బల్ల మీద ఉంది. జయరాముడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"జ్యోతి లేదమ్మా."

"ఊర్లో లేదా సార్?"

"లేదు" అన్నాడు. తర్వాత ఇంకోసారి, "లేదు."

ఏడుపుల మధ్య అంజనమ్మ ఊపిరి వినిపిస్తోంది.

"మరి వడలు..."

"నేనే తిన్నాను."

అప్పుడు ఆమె అంది: "మీరొక్కరే రాండి సార్."